‘ఇవాళే ఆఖరు’ అన్న పోస్టును నమ్మొచ్చా?

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ కవిసమ్మేళనం పెట్టింది, గుర్తుందా? సెమినార్ హాల్లో 150 కుర్చీలు. ఇంకో మూడు రోజుల్లో కార్యక్రమం ఉందనగా పేర్లిచ్చినవాళ్లు 63 మంది. గాభరా పడి ఇన్‌స్టాలో ఒక స్టోరీ పెట్టాం: "ఇంకా 20 సీట్లే మిగిలాయి. త్వరపడండి!" రాసింది నేనే. ఆ రాత్రికే ఇంకో నలభై మంది దాకా పేర్లిచ్చారు. స్టోరీ భలే పేలిందని మాలో మేమే మెచ్చుకున్నాం.

కార్యక్రమం రోజు ఫస్టియర్ తమ్ముడొకడు హాల్లోకి వచ్చి, వెనక వరసల్లో ఖాళీ కుర్చీలు చూసి అడిగాడు: "అన్నా, సీట్లు అయిపోయినయన్నారు కదా?" వాడు ఆ రోజు ఊరికి పోవాల్సింది. సీటు దొరికింది కదా, పోగొట్టుకోవడం ఎందుకని బస్ టికెట్ క్యాన్సిల్ చేసుకుని ఆగిపోయాడట. "లాస్ట్ మినిట్‌లో చాలామంది రాలేదురా" అని ఇంకో అబద్ధం ఆడి తప్పించుకున్నాను.

ఆ రాత్రి నల్లగండ్లలో మా రూంకి వచ్చి ఫోన్ తెరిచాను. అరగంటలో నా ఫీడ్‌లో మూడు పోస్టులు వరసగా కనిపించాయి. ఒకటి, తెల్లాపూర్ వైపు ఏదో ప్రాజెక్టు: "ప్రీలాంచ్ రేటు ఇవాళ అర్ధరాత్రి వరకే." రెండోది, ఒక కోర్సు: "నూరు శాతం జాబ్ గ్యారంటీ. ఈ బ్యాచ్‌లో చివరి 5 సీట్లు." మూడోది, ఎవరో క్రికెట్ ‘ప్రిడిక్షన్’ గ్రూపులోకి రమ్మంటూ గెలిచిన డబ్బుల స్క్రీన్‌షాట్ పెట్టాడు. మామూలుగా అయితే నవ్వుకుని పైకి తోసేసేవాణ్ని. ఆ రోజు మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. నా ‘20 సీట్లు’ స్టోరీకీ, వీటికీ తేడా ఏంటి? అసలు ఏది మామూలు ప్రచారం, ఏది మనల్ని బుట్టలో వేసుకోవడం? ఆ తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉందా?

అబద్ధం ఉందా అని చూస్తే సరిపోదు

మనలో చాలామంది వాడే కొలత ఒకటే: పోస్టులో అబద్ధం ఉంటే మోసం, లేకపోతే ఓకే. ఈ కొలతతో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, కొన్ని అబద్ధాల వల్ల ఎవరికీ ఏమీ కాదు. మా వీధి చివర టిఫిన్ బండి అన్న "ప్రపంచంలోనే బెస్ట్ దోశ" అని బోర్డు పెట్టాడు. ఎవరూ ప్రపంచమంతా తిరిగి పోల్చి చూడరు. అదొక గొప్ప చెప్పుకోవడం, అంతే. రెండోది అసలైన ఇబ్బంది. ప్రతి అక్షరం నిజమే అయినా పోస్టు మనల్ని ముంచొచ్చు.

అందుకని నేను ఇంకో కొలత వాడుతున్నాను. పోస్టు పెట్టినవాళ్లకు తెలిసిందంతా నాకూ తెలిస్తే, ఈ పోస్టు నా మీద ఇంకా పనిచేస్తుందా? పనిచేస్తే అది ఒప్పించడం. నాకు విషయం తెలిసిన మరుక్షణం చల్లబడిపోతే అది బుట్టలో వేయడం.

దోశ బోర్డుకు ఇది పెట్టి చూడండి. అన్నకు తెలిసిన రహస్యాలన్నీ నాకు తెలిసినా, ఆకలేస్తే దోశ తింటాను. నా స్టోరీకి పెట్టి చూడండి. 87 కుర్చీలు ఖాళీగా ఉన్నాయని తెలిస్తే ఆ తమ్ముడు టికెట్ క్యాన్సిల్ చేసుకునేవాడు కాదు. అంటే నేను చేసింది ప్రచారం కాదు.

ఇక పెద్ద పోస్టులకు పెట్టి చూద్దాం.

స్క్రీన్‌షాట్ నిజమే, కానీ...

మన దగ్గర ప్రమోషన్ పోస్టులు పోలీసు స్టేషన్ దాకా వెళ్లిన పెద్ద సందర్భం 2025 మార్చిలో జరిగింది. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న వీసీ సజ్జనార్ ‘సే నో టు బెట్టింగ్ యాప్స్’ అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఎక్స్‌లో వరసగా పోస్టులు పెట్టారు. ఆ నెలలోనే పంజాగుట్ట పోలీసులు 11 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, మనకు దగ్గర్లోని మియాపూర్ పోలీసులు సినిమా నటులతో సహా 25 మంది మీద కేసులు పెట్టారు. జులైలో ఈడీ 29 మంది పేర్లతో దర్యాప్తు మొదలుపెట్టి కొందరు నటులను పిలిపించి ప్రశ్నించింది. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. తాము ప్రచారం చేసింది నైపుణ్యంతో ఆడే ఆటలకేనని, ఆ ఒప్పందాలు ఎప్పుడో ముగిశాయని కొందరు చెప్పారు. అది తేల్చాల్సింది కోర్టులు. మనం చూడాల్సింది ఆ తరహా పోస్టు ఎలా పనిచేస్తుందన్నది.

ఆ రకం వీడియోలు మీరూ చూసే ఉంటారు. కొత్త బండి, చేతిలో ఫోన్, స్క్రీన్ మీద అంకె పెరుగుతూ ఉంటుంది. "పొద్దున్నుంచి ఇంత వచ్చింది తమ్ముళ్లూ. లింక్ బయోలో ఉంది. నా కోడ్ కొడితే బోనస్." ఆ డబ్బు అతనిదా, కంపెనీ వేసిందా అన్నది చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. అది పక్కన పెడదాం. స్క్రీన్‌షాట్ నూటికి నూరు శాతం నిజమే అనుకుందాం. అయినా లెక్క చూడండి.

వెయ్యి మంది ఫాలోవర్లు రోజుకో పందెం కాశారనుకోండి. గెలుపోటములు సగం సగం. మొదటి రోజు 500 మంది గెలుస్తారు. రెండు రోజులూ గెలిచినవాళ్లు 250. మూడో రోజుకు 125, నాలుగో రోజుకు 62. ఐదు రోజులూ వరసగా గెలిచినవాళ్లు 31 మంది. వీళ్లకు తెలివీ లేదు, వ్యూహమూ లేదు. నాణెం ఎగరేసినా ఇంతే వస్తుంది. పైగా నిజంగా యాప్ తన వాటా తీసుకుంటుంది కాబట్టి పరిస్థితి ఇంతకన్నా దారుణంగా ఉంటుంది. ఇప్పుడా 31 మంది స్క్రీన్‌షాట్లు స్టోరీల్లో పెట్టారనుకోండి. ఒక్కటీ ఫేక్ కాదు. కానీ మిగతా 969 మంది ఏమయ్యారు? వాళ్ల స్క్రీన్‌షాట్లు ఎవరూ పెట్టరు. పోగొట్టుకున్నవాడు ఇంట్లో చెప్పుకోవడానికే భయపడతాడు, స్టోరీ ఎక్కడ పెడతాడు?

చిన్నప్పుడు భిన్నాలు చేశాం కదా. ఈ పోస్టులు లవం మాత్రమే చూపించి హారం దాచేస్తాయి.

దాచేది ఇంకోటి కూడా ఉంది: పోస్టు పెట్టినవాడికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నది. ఆన్‌లైన్ జూదంలో ప్రమోటర్లకు డబ్బిచ్చే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, కోడ్‌తో చేరిన ఒక్కో మనిషికి ఇంత అని. రెండోది ‘రెవెన్యూ షేర్’, అంటే ఆ కోడ్‌తో చేరినవాళ్ల మీద కంపెనీకి వచ్చే ఆదాయంలో శాతం. జూదంలో కంపెనీ ఆదాయం అంటే ఆడేవాళ్లు పోగొట్టుకున్న డబ్బే. రెండో పద్ధతిలో నువ్వు ఎంత ఓడిపోతే నీకు లింక్ ఇచ్చిన ‘అన్న’కు అంత లాభం.

ఇప్పుడు మన కొలత పెడదాం. ఆ వీడియోలోని మనిషి తనకు తెలిసిందంతా చెప్తే ఇలా ఉంటుంది: "తమ్ముళ్లూ, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. నేను చూపిస్తున్నది గెలిచిన రోజు మాత్రమే. నువ్వు చేరితే నాకు డబ్బులు, ఓడితే ఇంకా ఎక్కువ డబ్బులు. లింక్ బయోలో ఉంది." ఎవడైనా నొక్కుతాడా? పోస్టు మొత్తం మన తెలియనితనం మీదే నిలబడి ఉంది. ఇక్కడ అనుమానానికి చోటు లేదు. చట్టం కూడా గట్టిపడింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు ఆటలకు ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, రూ. 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

"నంబర్ వచ్చాక ఈ రేటు ఉండదు సార్"

నల్లగండ్లలో ఉండేవాళ్ల ఫీడ్‌లో సగం ఫ్లాట్లే ఉంటాయి. డ్రోన్ షాట్, వెనక సినిమా ట్రైలర్ మ్యూజిక్, "ఐటీ కారిడార్‌కు 15 నిమిషాలు" అనే మాట. ఆదివారం పొద్దున ఆరింటికా, సోమవారం తొమ్మిదింటికా అన్నది మాత్రం చెప్పరు. ఇది మనకెందుకు, మనమేమన్నా ఫ్లాట్ కొంటామా అనుకోకండి. మా రూమ్మేట్ వాళ్ల నాన్న వరంగల్ నుంచి అలాంటి రీల్ ఒకటి పంపించాడు. "బిడ్డా, నువ్వు ఆడనే ఉంటవు గదా, ఒకసారి చూసి చెప్పు. ఇయ్యాల్నే ఆఖరంట." ఊళ్లో ఉన్న ఎకరం అమ్మిన డబ్బు చేతిలో ఉంది. ఆయన దృష్టిలో నల్లగండ్ల గురించి నిపుణుడంటే ఇక్కడ నెలకింతని కట్టి హాస్టల్‌లో ఉండే కొడుకే.

వాడు మొదట వెతికింది రెరా నంబరు. ఇందులో కష్టమేమీ లేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 8కి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు. అమ్మడమే కాదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ప్రకటన ఇస్తే అందులో రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా కనిపించాలి. ఇన్‌స్టా రీల్ కూడా ప్రకటనే. ఆ రీల్‌లో నంబరు లేదు. ఫోన్ చేస్తే మార్కెటింగ్ అతను చాలా మర్యాదగా చెప్పాడు: "ప్రాసెస్‌లో ఉంది సార్. నంబర్ వచ్చాక ఈ రేటు ఉండదు."

ఈ వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. ఇందులో అబద్ధం లేకపోవచ్చు. నంబరు నిజంగానే ప్రాసెస్‌లో ఉండొచ్చు, వచ్చాక రేటు నిజంగానే పెరగొచ్చు. కానీ దాని అర్థం ఏంటి? "నువ్వు తనిఖీ చేసుకునే వీలు రాకముందే డబ్బు కట్టు. అందుకే ఈ తగ్గింపు." తొందర పెట్టడమే అసలు సరుకు.

ఇప్పుడు ఈ తగ్గింపు ఏంటో లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. చుట్టుపక్కల చదరపు అడుగు 7,500 ఉంటే ప్రీలాంచ్‌లో 5,000 అన్నారనుకోండి. 1,500 చదరపు అడుగులకు 75 లక్షలు, మొత్తం ఒకేసారి కట్టాలి. "37 లక్షల 50 వేలు మిగిలినట్టే కదా" అని రీల్ అంటుంది. రెరా ప్రాజెక్టులో అయితే రాతపూర్వక అగ్రిమెంట్ చేసుకుని రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి, అంటే ఇక్కడ 7 లక్షల 50 వేలకు మించి, అడ్వాన్స్ తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ప్రీలాంచ్‌లో ఈ కట్టుబాట్లేవీ ఉండవు. పర్మిషన్ లేని కాగితాల మీద నువ్వు బిల్డర్‌కు 75 లక్షలు అప్పిస్తున్నావు. దానికి హామీ లేదు, గడువు లేదు. ఆ తగ్గింపు నీకిస్తున్న బహుమతి కాదు, నువ్వు మోస్తున్న రిస్కుకు వాళ్లు కట్టిన ధర. రీల్‌లో ధర చెప్తారు, రిస్కు చెప్పరు.

ఈ రిస్కు ఉత్తుత్తిది కాదు. లింగంపల్లి దాటితే వచ్చే అమీన్‌పూర్‌లో సాహితీ శర్వాణి ఎలైట్ పేరుతో 2019లో ప్రీలాంచ్ బుకింగులు జరిగాయి. డబ్బు తీసుకుని ఇళ్లు కట్టివ్వలేదన్న కొనుగోలుదారుల ఫిర్యాదుల మీద 2022 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ క్రైమ్ స్టేషన్ పోలీసులు ఆ సంస్థ ఎండీని అరెస్టు చేశారు. కట్టినవాళ్లలో మన అమ్మానాన్నల్లాంటి వాళ్లే ఎక్కువ: ఉద్యోగాలు చేసి దాచుకున్నవాళ్లు, రిటైర్ అయినవాళ్లు.

మా రూమ్మేట్ వాళ్ల నాన్నకు ఇదంతా చెప్పలేదు. "రేపు చెప్తామని చెప్పు నాన్నా, ఏమంటరో చూడు" అన్నాడు. ఆయన అలాగే అన్నాడు. ‘ఇయ్యాల్నే ఆఖరు’ అన్న రేటు మరుసటి వారం కూడా ఉంది. అప్పుడు ఆయనే అన్నాడు: "గంత తొందర వాళ్లకెందుకు బిడ్డా?"

అత్యధిక ప్యాకేజీ ఒక్కడిదే

మూడో పోస్టు నేరుగా మనకే గురిపెట్టింది. ఫైనల్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్ రాకపోతే ఆ భయం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ భయానికి సరిగ్గా సరిపోయేలా తయారుచేసినవే "జాబ్ గ్యారంటీ" పోస్టులు.

మళ్లీ హారమే చూడాలి. ఒక బ్యాచ్‌లో వంద మంది చేరారనుకోండి. ఒకడికి 20 లక్షల ప్యాకేజీ వచ్చింది, 40 మందికి మూడున్నర లక్షలది వచ్చింది, 59 మందికి ఏమీ రాలేదు. పోస్టర్ మీద "మా విద్యార్థికి 20 లక్షలు" అని ఫొటో వేస్తారు. నిజమే. ఉద్యోగం వచ్చినవాళ్ల సగటు దాదాపు 3 లక్షల 90 వేలు. చేరినవాళ్లలో నడిమి మనిషికి వచ్చింది సున్నా. మూడూ ఒకే బ్యాచ్‌కు చెందిన నిజాలే. ఏ నిజాన్ని ముందు పెట్టారో చూస్తే ఉద్దేశం తెలుస్తుంది.

మాటల్లో కూడా మెలికలుంటాయి. "ప్లేస్‌మెంట్" వేరు, "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" వేరు. రెండో దాంట్లో నీ రెజ్యూమె నాలుగు చోట్లకు పంపితే వాళ్ల మాట నిలబెట్టుకున్నట్టే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం కోచింగ్ సెంటర్లు ఎంపిక ఖాయమనీ, ఉద్యోగ భద్రత ఉంటుందనీ తప్పుడు హామీలివ్వకూడదు. విజేతల ఫొటోలు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా, అదీ ఎంపికయ్యాక తీసుకున్న అనుమతి లేకుండా, వాడకూడదు. కాబట్టి అడగండి: ఎంతమంది చేరారు, ఎంతమందికి వచ్చింది, ఏ ఉద్యోగం, రాకపోతే ఫీజు వెనక్కిస్తారా, ఆ మాట కాగితం మీద ఉందా. నిజంగా బాగా చెప్పే సంస్థకు ఈ ప్రశ్నలంటే ఇష్టం. ఎందుకంటే జవాబులు వాళ్లకే లాభం. చిరాకు పడితే అదీ ఒక జవాబే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మన కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా "అత్యధిక ప్యాకేజీ" ఒక్కటే ఉంటుంది. దానికీ ఇదే కొలత.

ఐదు నిమిషాల తనిఖీ

డబ్బు, టైం, లేదా మన వివరాలు అడిగే ఏ పోస్టుకైనా నేనిప్పుడు ఈ ఐదు చూస్తున్నాను.

1. చెప్పేవాడికి ఏం వస్తుంది? డబ్బులో, ఫ్రీ వస్తువులో తీసుకుని ప్రచారం చేస్తుంటే ఆ సంగతి స్పష్టంగా, సులువైన మాటల్లో చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు సూచనలిచ్చింది. ముప్పై హ్యాష్‌ట్యాగుల మధ్య ‘యాడ్’ అని ఇరికిస్తే చెప్పినట్టు కాదు. రిఫరల్ కోడ్ ఉందంటే వాటా ఉన్నట్టే.

2. గడువు నిజమేనా? స్పాన్సర్డ్ పోస్టు అయితే మెటా యాడ్ లైబ్రరీలో ఆ పేజీ పేరు వెతకండి. ప్రస్తుతం నడుస్తున్న వాళ్ల ప్రకటనలు, ఒక్కోటి ఏ తేదీన మొదలైందో కనిపిస్తాయి. ఉచితం, ఎవరైనా చూడొచ్చు. "ఇవాళే ఆఖరు" అన్న ప్రకటన నెల రోజులుగా నడుస్తుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

3. హారం చూపించారా? గెలిచినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, బరువు తగ్గినవాళ్లు సరే. మొత్తం ఎంతమందిలో?

4. వాళ్ల పేజీ బయట తనిఖీ చేసే వీలుందా? ఫ్లాట్‌కు తెలంగాణ రెరా వెబ్‌సైట్ ఉంది. ఉద్యోగానికి ఆ కంపెనీ సొంత కెరీర్స్ పేజీ ఉంది. కామెంట్లలో "సూపర్ బ్రో, నాకూ వచ్చింది" అన్నవి తనిఖీ కిందికి రావు. అవి పోస్టులో భాగమే అనుకోండి.

5. రేపు చెప్తానంటే ఏమంటారు? ఇది రూమ్మేట్ నేర్పించింది. మంచి బేరం రేపటికి కూడా కాస్తోకూస్తో మంచిదే. ఒక్క రాత్రి నిద్రపోతే పాడైపోయే బేరం అంటే నిద్ర లేచాక నువ్వు ఆలోచిస్తావని వాళ్లకు తెలుసన్నమాట.

ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మోసమని తీర్పు చెప్పేయలేం. పండగ ఆఫర్‌కు గడువు నిజంగానే ఉండొచ్చు. ఐదూ చూశాక మళ్లీ మొదటి ప్రశ్నకు రండి: అంతా తెలిసినా నేను ఇదే పని చేస్తానా? తప్పైతే ఎంత పోతుంది, తిరిగి వస్తుందా అన్నదాన్ని బట్టి ఎంతసేపు ఆలోచించాలో నిర్ణయించుకోండి. దోశకు అర నిమిషం ఎక్కువ. ఎకరం అమ్మిన డబ్బుకు నెల కూడా తక్కువే.

ఒకవేళ ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి. ఆన్‌లైన్ ఆర్థిక మోసానికి 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇక్కడ మాత్రం తొందర నిజమైనదే. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 ఉంది.

ఏడిపించిన ప్రతిదీ మోసం కాదు

ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివిన క్లబ్ మిత్రురాలు ఒక మంచి ప్రశ్న వేసింది. "సజ్జనార్ పెట్టిన పోస్టుల్లో కూడా భయం, బాధ ఉంటాయి కదా. బెట్టింగ్‌లో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల గురించి పెడతారు. సైబరాబాద్ పోలీసులు మీమ్స్ వేస్తారు. అవి కూడా మన మనసుతో ఆడుకోవడమే కదా?"

భావోద్వేగం ఉండటమే తప్పయితే మన కవిసమ్మేళనం మొత్తం మూసేయాల్సిందే. కొలత అది కాదు. హెల్మెట్ మీమ్ వెనక ఉన్న విషయాలన్నీ నాకు తెలిస్తే ఆ మీమ్ బలం తగ్గదు, పెరుగుతుంది. ప్రమాదాల లెక్కలు చూస్తే ఇంకా భయం వేస్తుంది. నిజానికి తగ్గ భయం కలిగించే పోస్టు మనకు సాయం చేస్తోంది. లేని భయం పుట్టించేదీ, ఉన్న భయాన్ని చెప్పకుండా దాచేదీ మనల్ని వాడుకుంటోంది. బెట్టింగ్ వీడియోలో ఒక్క ఏడుపు లేదు, అంతా సంబరమే. అయినా రెంటిలో బుట్టలో వేసేది అదే.

అలాగని మంచి ఉద్దేశం ఉంటే ఏదైనా చెల్లుతుందని కూడా కాదు. మా ‘20 సీట్లు’ వెనక ఉద్దేశం మంచిదే. తెలుగు కవిత్వం నలుగురూ వినాలని. కానీ ఆ ఉద్దేశం నాది, పోయిన టికెట్ ఆ తమ్ముడిది.

ఈ విషయం నన్ను ఎందుకు వదలట్లేదో చివరగా చెప్తాను. ఇంకో ఏడాదిలో మనలో చాలామంది ఈ చుట్టుపక్కలే, గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఉద్యోగాల్లో చేరతాం. కొందరి పనే ఆ బటన్లు తయారు చేయడం. "ఇప్పుడు ఈ వస్తువును 37 మంది చూస్తున్నారు" అన్న లైను ఎవరో ఒక ఇంజినీరు కోడ్ రాస్తేనే స్క్రీన్ మీదికి వస్తుంది. ఆ 37 నిజంగా లెక్కపెట్టిందా, ర్యాండమ్ ఫంక్షన్ ఇచ్చిందా అన్నది రాసినవాళ్లకు తెలుసు. కేంద్రం 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలను పేర్కొంది. వాటిలో మొదటిదే తప్పుడు తొందర, అంటే లేని కొరతను ఉన్నట్టు చూపించడం. మా స్టోరీ ఏ వ్యాపారమూ కాదు కాబట్టి ఆ నిబంధనల కిందికి రాకపోవచ్చు. కానీ ఆ ఉద్యోగానికి కావాల్సిన చేయి తిరగడం మాత్రం నాకు అక్కడే అలవాటవుతోందని అర్థమైంది. నలభై మంది నొక్కారు, ఎంత బాగుందో! అదే భయం.

ఈ సెమిస్టర్ కథాపఠనానికి స్టోరీ మళ్లీ నేనే రాశాను. "150 కుర్చీలున్నాయి. ఇప్పటికి 41 మంది పేర్లిచ్చారు. మీరొస్తే బాగుంటుంది. రాలేకపోయినా పర్లేదు, రికార్డింగ్ పెడతాం." 58 మంది వచ్చారు. పోయినసారికన్నా తక్కువే. అబద్ధం ఆడకపోతే జనం ఎక్కువ వస్తారని నేను చెప్పను, ఎందుకంటే రాలేదు.

ఆ ఫస్టియర్ తమ్ముడు ఆ 58 మందిలో ఉన్నాడు. అచ్చుకు పంపే ముందు ఈ వ్యాసం వాడికి చూపించాను. మొత్తం చదివి, "బాగుందన్నా. అయితే ఆ బస్ టికెట్ డబ్బులు?" అన్నాడు. అక్కడికక్కడే ఫోన్‌పే చేశాను.